మాతృత్వముపై లెక్కల పెత్తనము

రాజ్యమునకు లెక్కలు కావలెను. పంటకు లెక్క, పన్నుకు లెక్క, జనమునకు లెక్క లేనిదే పాలనము సాగదు. ఇందు వివాదము లేదు. కాని లెక్క పాలనమునకు పనిముట్టుగా నుండవలెనే గాని మనుష్యుల శరీరములకు యజమాని కారాదు. మన తెలుగు రాష్ట్రములలో గత యేబదియేండ్లుగా స్త్రీల గర్భధారణ విషయమున ఈ మేర తప్పినది. లెక్క యజమాని యైనది. స్త్రీ యందొక అంకె యైనది. వైద్యుడు ఆ అంకెలను పూరించు గుమాస్తా యైనాడు. నిన్నటిదాక "ఇద్దరు చాలును, ఆపరేషను చేయించుకొమ్ము" అన్న రాజ్యమే నేడు "ఇంకను కనుము, బహుమాన మిచ్చెదము" అనుచున్నది. మాట మారినది గాని పెత్తనము మారలేదు. ఈ సంగతినే మా పాఠకుల యెదుట విచారింపదలచితిమి.

నాగోలునుండి ఎల్.బి. నగరు చౌరస్తా చేరి, సాగరు రోడ్డు పట్టి పోయినచో ఇబ్రహీంపట్నము గంటసేపటి ప్రయాణము. 2022 ఆగష్టు 25వ తేదీన అచ్చటి ప్రభుత్వాసుపత్రిలో కుటుంబనియంత్రణ శిబిరము జరిగెను. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చిన 34 మంది స్త్రీలకు ఆ యొక్కదినముననే లాపరోస్కోపు ఆపరేషనులు చేసిరి. వారము తిరుగకముందే అందు నలుగురు మరణించిరి. తక్కినవారిలో పలువురను నిమ్స్ మొదలగు పెద్దయాసుపత్రులకు తరలించి చికిత్స చేయవలసివచ్చెను. పోయినవారు రోగముతో మంచమెక్కి వచ్చినవారు కారు. చిన్నబిడ్డల తల్లులు, తమ కాళ్లపై నడచి వచ్చినవారు. ప్రభుత్వము విచారణ జరిపించెను. బాధ్యులపై చర్య తీసికొంటిమని చెప్పెను. మృతుల కుటుంబములకు 5 లక్షల రూపాయల చొప్పునను, ఇల్లును ప్రకటించెను. ఆపరేషనువేళ సోకిన క్రిములే మరణములకు హేతువని విచారణలో తేలినది.

ఇది ఒక వైద్యుని యజాగ్రత్త యనియు, ఒక నర్సు మఱపు అనియు చెప్పి చేతులు దులుపుకొనుట సులభము. అపరాధులు శిక్షింపబడవలసినదే. కాని పని జరుగు తీరును తెలిసికొన్నగాని దోషము ఎక్కడ పుట్టుచున్నదో బోధపడదు. ఈ ఆపరేషనులో బొడ్డు దగ్గఱ చిన్న రంధ్రము చేసి, కడుపులోనికి వాయువు నింపి, కటకములు గల సన్నని గొట్టమును లోనికి పంపి, అండవాహికలకు చిన్న యుంగరములు తొడుగుదురు. పనితనము గల వైద్యునకు ఇది కొలది నిమిషముల పని. కాని ఒక స్త్రీ కడుపులోనుండి తీసిన పరికరమును వేఱొక స్త్రీకి వాడుటకు ముందు క్రిమిసంహారకద్రవములో 20 నిమిషములు నానవేసి, శుద్ధజలముతో కడుగవలెను. 34 మందికి ఒక్క పరికరమే యున్నచో నడుమ 33 మారులు నానవేయవలెను. నానవేయుటకే 11 గంటలు పట్టును. మూడు పరికరములున్నను మూడున్నర గంటలకు పైమాటే. ఈ కారణముననే ఒక వైద్యబృందము ఒక దినమున 30 ఆపరేషనులకు మించి చేయరాదని కేంద్రప్రభుత్వ ప్రమాణములలో వ్రాయబడినది.

మా పాఠకులు ఈ 20 నిమిషములను జ్ఞప్తియందుంచుకొనవలెను. వైద్యునకు తొందర లేనిచోట అవి యెవరికిని బరువు కావు. వరండాలో ముప్పదిమంది స్త్రీలు పస్తుండి, చంటిబిడ్డలతో వేచియుండగా, సాయంకాలమునకు పై యధికారికి అంకె పంపవలసియున్నచోట, ఆ 20 నిమిషములు ముందు 10 అగును, పిదప 5 అగును. క్రిమి సర్కారు ఉత్తరువులను చదువదు. దానికి సందు దొరకిన చాలును. శిబిరమునకు ప్రాణము సంఖ్య. చికిత్సకు ప్రాణము జాగ్రత్త. ఈ రెండును ఒక కప్పు క్రింద పొసగవు.

ఈ సంగతి ప్రభుత్వములకు తెలియక పోలేదు. లక్ష్యముల పద్ధతిని 1996 ఏప్రిలునుండి కేంద్రప్రభుత్వమే దేశమంతట ఎత్తివేసెను. పేరు పోయినది; పని పోలేదు. "లక్ష్యము" అనుటకు మాఱుగా "ఆశించిన ప్రగతి" యనిరి. 2012 జనవరిలో బీహారులోని అరరియా జిల్లాయందు ఒక బడిలో, టార్చిలైటు వెలుతురున, రెండు గంటలలో 53 మంది స్త్రీలకు ఆపరేషనులు చేసిరి. దానిపై దేవికా బిశ్వాస్ వేసిన వ్యాజ్యము సుప్రీంకోర్టున నడచుచుండగనే, 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరు జిల్లా శిబిరములలో 13 మంది స్త్రీలు మరణించిరి. 2016 సెప్టెంబరు 14వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, మూడేండ్లలోపల శిబిరముల పద్ధతిని దేశమంతట మాన్పవలెననియు, ఏ పేరుతోనైనను లక్ష్యములు విధింపరాదనియు, అంగీకారపత్రమును స్త్రీకి తెలిసిన భాషలో బోధపఱచవలెననియు ఆదేశించెను. ఆ మూడేండ్ల గడువు 2019తో తీరినది. ఇబ్రహీంపట్నము శిబిరము 2022లో జరిగినది. న్యాయశాస్త్రము చదివిన వారికి ఇంతకంటె వ్యాఖ్యానము అక్కఱలేదు. అత్యున్నత న్యాయస్థానపు తీర్పు కంచెగా నిలిచియుండగా, కంచెను కాయవలసిన రాజ్యమే చేను మేసినది.

భారమంతయు స్త్రీల తలపైననే యేల పడినదో కూడ చూడవలెను. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల వివాహిత స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు 70 మందియు, తెలంగాణమున సుమారు 62 మందియు ఈ ఆపరేషను చేయించుకొన్నవారే. దేశమంతటి సగటు 38. వీరిలో పెక్కుమంది పాతికేండ్లు నిండునప్పటికే ఆపరేషనుబల్ల ఎక్కినవారు. పురుషులను లెక్కింపబోయిన నూటికి ముగ్గురైనను తేలరు. పురుషుని ఆపరేషను మిక్కిలి తేలిక, కడుపు కోయనక్కఱలేదు, అపాయము స్వల్పము. అయినను అది దేశమున కనబడకుండ పోయినది. కారణము చరిత్రలో నున్నది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976-77లో ఒక్క సంవత్సరముననే దేశమున 82 లక్షలకు పైగా ఆపరేషనులు జరిగినవి. అందు అధికభాగము పురుషులకు, పెక్కుచోట్ల నిర్బంధముగ జరిగినవి. 1977 ఎన్నికలలో ప్రజలు దానికి సమాధానము చెప్పిరి. ఆ దెబ్బతో ప్రభుత్వములు బుద్ధి తెచ్చుకొన్నవా? లేదు, పురుషుని విడిచి స్త్రీని పట్టుకొన్నవి. పురుషుడు ఎదురుతిరుగును, ఓటుతో కక్ష తీర్చుకొనును. స్త్రీ ఓర్చుకొనును అని వారి ధైర్యము. స్త్రీల ఓర్పును ఆధారము చేసికొని నడచిన ఈ విధానమును ఘనకార్యమని ఎంచుటకు మాకు మనసొప్పదు.

హైదరాబాదు ప్రాంతపు స్త్రీలు ఊరకుండిరనుటయు సరికాదు. 1985లో పటాన్‌చెరువు ఆరోగ్యకేంద్రమునకు పేదస్త్రీలను పిలిపించి, నెట్-ఎన్ అను గర్భనిరోధక సూదిమందును పరీక్షింపబూనినపుడు, అది యింకను ప్రయోగదశలోనున్న మందను సంగతి వారికి సరిగ తెలుపలేదని హైదరాబాదునందలి స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రు ఎత్తిచూపిరి. 1986లో సుప్రీంకోర్టునకు పోయిరి. ఆ మందు మంచిదా చెడ్డదా యనునది ఒక ప్రశ్న. తెలిసి పుచ్చుకొంటిరా, తెలియక పుచ్చుకొంటిరా యనునది వేఱొక ప్రశ్న. రెండవ ప్రశ్నకు సమాధానము లేనిచోట మొదటి ప్రశ్నను అడుగు నర్హతయే రాజ్యమునకు లేదని వారి వాదము. మా వాదమును అదియే.

ఇక చట్టముల సంగతి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమున, ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక యెన్నికలలో పోటీ చేయుటకు అనర్హులని నిబంధన చేర్చిరి. ఆ చట్టముననే స్త్రీలకు మూడవవంతు స్థానములు ప్రత్యేకించిరి. ఒక చేత కుర్చీ వేసి, వేఱొక చేత దానిని లాగివేసినట్లైనది. ఎంతమందిని కనవలెనో నిర్ణయించు అధికారము ఇంటిలో ఏ స్త్రీకి లేదో, ఆ స్త్రీయే మూడవ బిడ్డను కన్న నేరమునకు పదవి కోల్పోవలెను! నిర్మలా బుచ్ అను విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారిణి ఆంధ్రప్రదేశముతోసహా ఐదు రాష్ట్రములలో పరిశీలించి, ఈ నిబంధన వలన గర్భస్రావములు, భార్యలను విడనాడుట, బిడ్డలను దాచుట, దత్తునకిచ్చుట మొదలగు ననర్థములు కలుగుచున్నవని వెల్లడించిరి. అయినను ముప్పది సంవత్సరములు ఆ నిబంధన నిలిచెను.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ శాసనసభ దానిని తొలగించెను. 2025లో తెలంగాణమునను తొలగింపబడెను. స్త్రీలకు జరిగిన యన్యాయమును గుర్తించి తొలగించిరా? కాదు. సంతానము తగ్గినదని తొలగించిరి. జనసంఖ్య తగ్గక నిలుచుటకు స్త్రీకి సగటున 2.1 బిడ్డలు కావలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సర్వేలో ఆంధ్రప్రదేశపు సగటు 1.7, తెలంగాణపు సగటు 1.8. వృద్ధులు పెరుగుదురనియు, జనసంఖ్యనుబట్టి లోకసభ స్థానములు పంచినచో దక్షిణదేశము నష్టపోవుననియు నాయకులకు భయము పట్టుకొన్నది. 1997లో జనాభాను తగ్గించు విధానము వెలువడినపుడు ముఖ్యమంత్రిగా నున్న నారా చంద్రబాబునాయుడుగారే, 2024లో తిరిగి ఆ పదవియందుండి, ఎక్కువమందిని కనుడని బోధించిరి. 2025 మార్చిలో విజయనగరము పార్లమెంటు సభ్యుడొకరు మూడవ బిడ్డ ఆడుబిడ్డయైనచో 50 వేల రూపాయలును, మగబిడ్డయైనచో ఆవును ఇచ్చెదనని ప్రకటించిరి. ఇంతకంటె బాహాటముగా లెక్క మాటలాడుట యెట్లు?

దక్షిణదేశపు ప్రాతినిధ్యము తగ్గరాదనుటలో మాకు భేదాభిప్రాయము లేదు. అది రాజ్యాంగ ప్రశ్న. దానిని ఢిల్లీలో వాదించి సాధింపవలెను. ఢిల్లీలో గెలువలేని వాదమును పల్లెలలోని స్త్రీల గర్భములందు గెలువజూచుట వీరుల లక్షణము కాదు. లోకసభలో కుర్చీని నింపుటకు బిడ్డను కనుమని తల్లిని అడుగు హక్కు ఏ నాయకునకును లేదు. అట్లే, ప్రణాళికాపత్రమున గీత దిగుటకు కనవలదని చెప్పు హక్కు నిన్నటి నాయకునకును లేకుండెను.

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రాగలవు. "ఆపరేషనులు లేకున్న తల్లుల ప్రాణములు నిలుచునా? పేదస్త్రీ తనంతట తానే కోరుచున్నదిగదా?" అని మొదటిది. ఆపరేషనును మేము నిందింపలేదు. వరుసకానుపులచేత నీరసించి, భర్త మాట వినక, ఆపరేషనే తనకు విముక్తియని తలచు స్త్రీలు లక్షలమంది కలరు. వారి కోరిక న్యాయమైనది. అది శుభ్రమైన ఆసుపత్రిలో, తగిన వైద్యునిచేత, ఏ దినమునైనను నెఱవేరవలెను. కాని అంగడిలో ఒక్కటే వస్తువును ఉంచి, అందఱును దానినే కొనిరి గావున అదియే వారి యిష్టమని చెప్పు వర్తకుని మాట మనము నమ్ముదుమా? మాత్రలు, లూపు, సూదిమందు, నిరోధు, పురుషుని ఆపరేషను అను నన్నిటి గుణదోషములు తెలిపి, అన్నియు అందుబాటులో నుంచి, ఆపై స్త్రీ యేది కోరునో అది యామె యిష్టము.

"అట్లైన రాజ్యము వైద్యవిషయమున తలదూర్చనే కూడదా?" అని రెండవది. తలదూర్చవలెను, కాని ఎచ్చట? ఆ సర్వేలోనే తెలుగు రాష్ట్రములలో 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 8, 9 మంది గర్భసంచి తీయించుకొన్నవారని తేలినది. దేశపు సగటు 3. ఇన్ని గర్భసంచులు నిజముగ రోగముచేతనే తీయవలసివచ్చినవా? అక్కఱలేని ఆపరేషనులను అరికట్టుటకు కేంద్రము రూపొందించిన నియమములను అన్ని రాష్ట్రములును అమలుపఱచవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలులో ఆదేశించినది. అట్లే తెలంగాణమున నూటికి 60 కానుపులు కోతతోనే జరుగుచున్నవి. ప్రైవేటు ఆసుపత్రులలో నూటికి 80కి పైబడి జరుగుచున్నవి. ఇచ్చట రాజ్యము కన్ను తెఱచి, వైద్యుని కత్తిని పరీక్షింపవలెను. వైద్యునిపై తనిఖీ రాజధర్మము. స్త్రీ నిర్ణయముపై నిర్బంధము రాజదౌర్జన్యము. కాని ఈ తనిఖీయును మరల అంకెల పందెముగా మారరాదు. కోతలు తగ్గించినవారికి బహుమానము, తగ్గింపనివారికి మందలింపు అన్నచో, కోత నిజముగ అవసరమైన తల్లికి ఆలస్యము జరుగును. తనిఖీ చేయవలసినది ఒక్కొక్క కేసును. మొత్తపు కూడికను కాదు.

చట్టము మనకు ప్రతికూలముగ లేదు. బిడ్డను కనుటకును, కనకుండుటకును గల స్వేచ్ఛ రాజ్యాంగపు 21వ అధికరణములోని వ్యక్తిస్వాతంత్ర్యమున భాగమని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పినది. ఆపరేషనునకు భర్త సంతకము అవసరము లేదని కేంద్రప్రభుత్వ ప్రమాణములే చెప్పుచున్నవి. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టము క్రిందను వయసు వచ్చిన స్త్రీకి తన సమ్మతి యొక్కటే చాలును. కాని పుస్తకమున నున్న హక్కు ఆసుపత్రి వరండాలోనికి రాదు. దానిని ఎవరైన చేయిపట్టి తీసికొని రావలెను.

కావున ప్రభుత్వములను మేము కోరునది యిది. శిబిరములను పేరుకు గాక నిజముగ మాన్పి, ప్రతి పెద్దయాసుపత్రిలోను నియమితదినములలో, కొలదిమందికి మాత్రమే ఆపరేషనులు జరుపవలెను. ఆశాకార్యకర్తకు గాని నర్సునకు గాని వైద్యునకు గాని కేసుల సంఖ్యనుబట్టి పొగడ్తయు, దండనయు ఉండరాదు. అంగీకారపత్రమును ఆపరేషనుబల్ల దగ్గఱ గాక ముందుదినమున, తెలుగునను, ఉర్దూనను, లంబాడీ తండాలలో వారి భాషయందును చదివి వినిపింపవలెను. వలదనుకొన్నచో ఎప్పుడైన తిరిగి పోవచ్చునని స్పష్టముగ చెప్పవలెను. ప్రతి మరణముపై విచారణ జరిపి నివేదికను ప్రకటింపవలెను. పురుషులకు ఆపరేషను గూర్చి బోధింపవలెను. మూడవ బిడ్డకు ఇచ్చెదమన్న ధనమును, పుట్టిన బిడ్డలకు పాలును, పనికిపోవు తల్లులకు శిశుగృహములును, కానుపుగదులకు పరిశుభ్రతయు కల్పించుటకు వెచ్చింపవలెను. బిడ్డను పెంచుటకు భయము లేనినాడు, కనదలచిన తల్లి ఎవరును చెప్పకయే కనును.

ఇక మనము చేయవలసినదియు కలదు. నాగోలు, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగరు పఠనాలయములలో ఈ పత్రికను చదువుచున్న సోదరులారా! ఈ విషయము ఆడువారిదని తలచి పుట త్రిప్పివేయకుడు. మీ యింట ఆపరేషను ప్రసక్తి వచ్చినపుడు, అది మీకు ఏల చేయరాదని ముందుగ మీరే వైద్యుని అడుగుడు. మీ పేటలో ఆరోగ్యకేంద్రము ఎన్ని ఆపరేషనులు ఎన్ని గంటలలో చేసినదో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అడుగుడు. పది రూపాయల రుసుముతో అడుగగల ప్రశ్న యది. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థినులు నలుగురైదుగురు చేరి, ఆపరేషను దినమున ఆసుపత్రికి పోయి, అంగీకారపత్రమును చదువరాని స్త్రీలకు చదివి చెప్పుట గొప్ప దేశసేవ. అధికారులు ఆటంకపఱచినచో 2016 నాటి తీర్పు ప్రతిని వారి చేతికిండు.

వ్రేలిముద్ర వేయుటకు ముందు ఒక్క స్త్రీయైన "ఇందులో ఏమి వ్రాసినారు?" అని యడిగి, సమాధానము విని, తనకు తోచినట్లు నిశ్చయించుకొన్నచో ఈ వ్రాత సఫలమైనదని మేము తలంచెదము. ఆ ప్రశ్నకు ఓపికగ సమాధానము చెప్పుటకు పట్టు కాలమును, పరికరము నానుటకు పట్టు 20 నిమిషములను ఏ ప్రభుత్వము మిగుల్చునో, ఆ ప్రభుత్వమే మాతృత్వమును గౌరవించు ప్రభుత్వము.